మగ్గం పక్కన కూర్చున్న చెయ్యి

మా నాన్నకు పక్షవాతం వచ్చి ఐదు నెలలు దాటాక, ఒక ఉదయం మంగళగిరిలో మా పెదనాన్న కొడుకు మగ్గం పక్కన ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. అక్కడే కూర్చోబెట్టడానికి పెద్ద కారణం ఏమీ లేదు. తిరునాళ్లకు చుట్టాలు వచ్చారు, లోపలి గదిలో చోటు లేదు, అంతే. అన్నయ్య మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. కుడిచేత్తో తాడు లాగితే అడ్డపోగును మోసే నాడె ఇటు నుంచి అటు పోతుంది. ఎడమచేత్తో దువ్వెన లాంటి అచ్చును తనవైపు గుంజితే కొత్త పోగు పాత పోగు పక్కకు చేరుతుంది. కాలు మారుతుంది, మళ్లీ తాడు. నేను టీ తెచ్చి నాన్న పక్కన నిలబడ్డాను. ఒళ్లో పడి ఉన్న ఆయన కుడిచెయ్యి మీద చూపు పడింది. వేళ్లు ముడుచుకుంటున్నాయి. వదులవుతున్నాయి. నాడె వెళ్లిన ప్రతిసారీ మళ్లీ ముడుచుకుంటున్నాయి.

అది కదలని చెయ్యి. ఐదు నెలలుగా దాన్ని కదిలించడానికి మేం పడని పాట్లు లేవు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మాత్రలు, బీపీ, ఉప్పు తగ్గించడం, రోజూ వ్యాయామం అని రాసి ఉంది. నోటితో మాత్రం "బాగా రెస్ట్ ఇవ్వండి" అన్నారు. మేం ఆ మాటనే గట్టిగా పట్టుకున్నాం. నేనే ఆయన్ని హైదరాబాద్ తీసుకొచ్చాను. ఐదో అంతస్తులో ఫ్లాట్, ఏసీ గది, మంచానికి ఎదురుగా టీవీ. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, "అంకుల్, ఈ బంతి నొక్కండి" అనేది. నాన్న బంతి వైపు చూసేవారు, ఆ అమ్మాయి వైపు చూసేవారు, కళ్లు మూసుకునేవారు. బంతి ఆయనకు ఏమవుతుంది? పదమూడో ఏట గుంటలో దిగిన మనిషి. నలభై ఏడేళ్లు నేశారు.

ఇలాంటి జబ్బులో కండరాలు బిగుసుకోవడం, వాటంతట అవే అదరడం మామూలేనని నాకు అప్పటికే తెలుసు. ఇదీ అదే కావచ్చు అనుకున్నాను. అందుకే ఆ పూటంతా అక్కడి నుంచి కదల్లేదు. పోగు తెగి అన్నయ్య ముడి వేస్తుంటే నాన్న వేళ్లు ఆగిపోయాయి. మగ్గం మళ్లీ మొదలైన కాసేపటికి అవీ మొదలయ్యాయి. నాడెలో నూలు చుట్టిన కండె మార్చడానికి అన్నయ్య ఆగితే ఆగాయి. వీధిలోంచి ఎవరో పలకరిస్తే నాన్న అటు తిరిగారు, అప్పుడూ ఆగాయి. ఆయనను అడిగాను, "చెయ్యి కదులుతోంది నాన్నా, తెలుస్తోందా?" అని. ఆయన చేతి వంక చూసుకున్నారు. చూసుకోగానే ఆగిపోయింది.

ఇది జరిగి రెండేళ్లవుతోంది. అప్పటి నుంచి ఈ విషయం గురించి దొరికినదల్లా చదువుతున్నాను. నేను డాక్టర్ని కాను, పరిశోధకురాలిని కాను. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. చూడటం అంటే ఊరికే కూర్చోవడం అని మనం అనుకుంటాం. "ఏం చేస్తున్నావ్?" అంటే "ఏం లేదు, చూస్తున్నా" అంటాం. అది నిజం కాదు. ఎదుటి మనిషి పని చేస్తుంటే చూడటం ఒంటికి పనే. ఆ పని మన చేతులు ఎరిగినదైతే మరీను. ఈ సంగతి మరిచి మనం ఇళ్లనూ ఆస్పత్రి గదులనూ పిల్లల రోజులనూ ఎలా తయారు చేసుకున్నామో చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మీ ఇంట్లోనే చూడండి. పిల్లకు గోరుముద్ద పెట్టే తల్లి ముద్ద పిల్ల నోటి దగ్గరకు వెళ్లేసరికి తన నోరు తెరుస్తుంది. ఆమెకు తెలియదు. కారులో డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్న మా అమ్మ, ఎదురుగా లారీ వస్తే కుడికాలితో నేలను తొక్కుతుంది. నిజానికి మా అమ్మకు కారు నడపడం రాదు, స్కూటీ బ్రేకూ చేతిలోనే ఉంటుంది, అయినా ఇన్నేళ్లుగా పక్కన కూర్చుని చూసిన కాలు అది. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు ఉండగానే పక్క బండి ముందుకు జరిగితే మన చెయ్యి యాక్సిలరేటర్ తిప్పేస్తుంది. లైటు చూసి కాదు, పక్క బండి చూసి. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మన పెద్దలు ఊరికే అనలేదు. మనం ఆ సామెతను బుద్ధుల గురించి వాడతాం. దాన్ని అక్షరాలా ఒంటి గురించి చెప్పిన మాటగా తీసుకున్నా తప్పు లేదని ఇప్పుడు నాకనిపిస్తోంది.

దీన్ని ప్రయోగశాలలో కొలిచిన తీరు చాలా సులువుగా ఉంటుంది. మార్సెల్ బ్రాస్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో మనిషి తెర ముందు కూర్చుంటాడు. 1 కనిపిస్తే చూపుడువేలు ఎత్తాలి, 2 కనిపిస్తే మధ్యవేలు ఎత్తాలి. అంతే పని. అదే సమయంలో తెర మీద ఒక చెయ్యి కూడా ఏదో ఒక వేలు ఎత్తుతుంది. దాన్ని పట్టించుకోనక్కర లేదు. కానీ తెర మీది చెయ్యి వేరే వేలు ఎత్తితే మన వేలు లేవడం ఆలస్యమవుతుంది. అదే వేలు ఎత్తితే త్వరగా లేస్తుంది. పట్టించుకోవద్దన్నా ఒళ్లు పట్టించుకుంటుందన్నమాట.

నాకు ఇంకా నచ్చింది పిల్లలు ఆడే రాయి, కాగితం, కత్తెర ఆట మీద లండన్‌లో చేసిన ప్రయోగం. 2011లో ప్రచురించారు. ఇద్దరి కళ్లకూ గంతలు కట్టి ఆడిస్తే, మూడింట ఒక వంతు ఆటలు ఇద్దరూ ఒకే గుర్తు చూపి సమానంగా ముగిశాయి, లెక్క ప్రకారం రావాల్సినంతే. ఒకరి గంతలు విప్పి ఆడిస్తే సమానమైన ఆటలు 36 శాతం దాటాయి. సమానమైతే డబ్బు రాదు, గెలిస్తేనే వస్తుంది. అంటే చూడగలిగినవాళ్లు తమకు నష్టమైనా సరే, ఎదుటి చెయ్యి విచ్చుకోవడం మొదలైన ఆ కాసింత క్షణంలోనే, దాన్ని అనుకరించేస్తున్నారు. తేడా చిన్నదే. కానీ అది మన ఇష్టానికి ఎదురు వెళ్లి వచ్చిన తేడా.

మరి చూసినవన్నీ మనం ఎందుకు చేసేయడం లేదు? సినిమా హాల్లో హీరో తన్నితే వెయ్యి కాళ్లు లేవాలి కదా? ఎందుకంటే ఆపే పని కూడా మెదడు చేస్తోంది. ఇటలీలో ఫడీగా బృందం 1995లో చూపించింది ఇదే. ఒక మనిషి వస్తువును పట్టుకుంటుంటే చూస్తున్నవాళ్ల తల మీద, చేతిని కదిలించే మెదడు భాగానికి పైన, అయస్కాంత కాయిల్‌తో చిన్న ప్రేరణ ఇచ్చారు. ఊరికే ఉన్నప్పటికంటే ఆ సమయంలో చేతి కండరాలు గట్టిగా స్పందించాయి. పైకి చెయ్యి కదలడం లేదు, లోపల సిద్ధమై ఉంది. పాలు పొంగడానికి ముందు గిన్నె అంచు దాకా వచ్చి నిలబడ్డట్టు. ఫ్రెంచి నరాల వైద్యుడు ఫ్రాంస్వా లెర్మిట్ 1986లో వర్ణించిన రోగులను చూస్తే, ఆ ఆపడం ఎంత పెద్ద పనో తెలుస్తుంది. మెదడు ముందు భాగం దెబ్బతిన్న ఆ మనుషులు, ఎదురుగా డాక్టరు ఏం చేస్తే అది చేసేవారు. చెయ్యమని ఎవరూ అడగలేదు.

మా నాన్న వేళ్లు, ఆయన తమ వైపు చూడగానే ఎందుకు ఆగాయో నేను చెప్పలేను. కానీ ఈ రోగుల గురించి చదివిన రాత్రి ఆ దృశ్యం గుర్తొచ్చి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఒక పేరు తప్పకుండా వస్తుంది, మిర్రర్ న్యూరాన్లు. ఇటలీలోని పార్మాలో జాకోమో రిజొలాట్టి బృందం మకాక్ కోతుల మెదడులో వీటిని కనిపెట్టింది. 1992లో మొదటి నివేదిక వచ్చింది. కోతి ఏదైనా పట్టుకుంటే స్పందించే కణాల్లో కొన్ని, మనిషి పట్టుకుంటుంటే కోతి చూసినప్పుడు కూడా స్పందించాయి. గొప్ప ఆవిష్కరణ, సందేహం లేదు. ఆ తర్వాత జరిగినదే నాకు నచ్చదు. జాలి, ప్రేమ, భాష, సంస్కృతి, చివరికి ఆటిజం దాకా అన్నిటికీ ఈ కణాలే కారణమని చెప్పేశారు. ఇప్పటికీ వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో, "మన మెదడులో అద్దం ఉంది, మంచివాళ్లను చూస్తూ ఉంటే మంచివాళ్లం అయిపోతాం" అని వింటుంటాం. పుట్టిన పసికందు కూడా నాలుక బయటపెడితే నాలుక బయటపెడుతుంది కాబట్టి ఇది పుట్టుకతో వచ్చిన వరం అంటారు. ఆ మాట 1977 నాటి మెల్ట్‌జాఫ్, మూర్ పరిశోధనది. 2016లో వందమందికి పైగా పసిపిల్లలను వారాల తరబడి పరీక్షించిన మరో అధ్యయనంలో అలాంటి అనుకరణ కనిపించలేదు. ఈ వాదన ఇంకా తెగలేదు.

నన్ను ఒప్పించిన మాట సీసీలియా హేయిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తది. ఈ అద్దం పుట్టుకతో రాదు, చేస్తూ చూస్తూ, చూస్తూ చేస్తూ తయారవుతుంది అంటారావిడ. మనం చెయ్యి కదిపిన ప్రతిసారీ ఆ చెయ్యి మనకు కనిపిస్తుంది. అలా చూపూ కదలికా ఒకదానికొకటి ముడిపడతాయి. పక్కవాళ్లతో కలిసి దంచినా, నాటినా, భజనలో తాళం వేసినా అదే ముడి మరింత బిగుస్తుంది. దీన్ని పరీక్షించడానికి 2007లో ఆవిడా, సహచరులూ ఒక పని చేశారు. చూపుడువేలు కదలడం చూస్తే చిటికెనవేలు కదపాలి, చిటికెనవేలు కదిలితే చూపుడువేలు కదపాలి అని కొందరికి సాధన చేయించారు. ఆ తర్వాత వాళ్లు ఊరికే చూస్తున్నప్పుడు కూడా కండరాలు తలకిందులుగా స్పందించాయి. చిటికెనవేలు చూస్తే చూపుడువేలు సిద్ధమైంది. అద్దం పుట్టుకతోనే స్థిరంగా ఉండేదైతే అంత తేలిగ్గా తిరగబడదు కదా.

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన విషయం అనలేను. నా చేతిలోనే ఉంది.

మా ఇంట్లో నాన్న నేసేవారు, అమ్మ, నేను కండెలు చుట్టేవాళ్లం. బడి నుంచి వచ్చాక, సెలవు రోజుల్లో, పరీక్షల ముందు కూడా. ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి పోగు జారుతుంటే కుడిచేత్తో రాట్నం తిప్పాలి. పోగు ఒకచోటే పడకుండా కండె మీద అటూ ఇటూ నడిపించాలి. నాన్నకు గంటకు ఎన్ని కండెలు కావాలో మాకు మగ్గం చప్పుడును బట్టి తెలిసేది. కండె చుడుతూ నేను చూసేది మగ్గాన్నే. మూడడుగుల దూరం. పదేళ్లు చూశాను. తాడు లాగే చెయ్యి, అచ్చు గుంజే చెయ్యి, గుంటలో మారే కాళ్లు, అన్నీ కళ్లు మూసుకున్నా కనిపిస్తాయి. ఎన్ని వేల గంటలో లెక్కే లేదు.

ఆ తిరునాళ్ల వారంలోనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. వదిన కండెలు చుడుతుంటే ఎదురుగా కూర్చున్నాను. రెండు నిమిషాల్లో నా ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి, మధ్యలో పోగు ఉన్నట్టు. ముప్పై ఏళ్ల కింద మానేసిన పని. తర్వాత మగ్గం ముందు కూర్చున్నాను. బాగుంది, చూడముచ్చటగా ఉంది, నా చేతుల్లో మాత్రం ఏమీ లేదు. పక్క కుర్చీలో నాన్న చెయ్యి మాత్రం నాడెతో పాటు నడుస్తోంది.

తర్వాత చదివాను, లండన్‌లో బియాట్రిజ్ కాల్వో-మెరినో బృందం నాట్యం చేసేవాళ్లతో ఇలాంటిదే చేశారని. 2005లో బాలే అనే పాశ్చాత్య నాట్యం చేసేవాళ్లకూ, బ్రెజిల్‌కు చెందిన, నాట్యమూ పోరాట విద్యా కలిసిన కపోయెరా చేసేవాళ్లకూ రెండు రకాల కదలికల వీడియోలూ చూపించారు. తమ నాట్యం చూస్తున్నప్పుడు వాళ్ల మెదడులో కదలికకు చెందిన భాగాలు ఎక్కువగా స్పందించాయి. ఇది అలవాటైన దృశ్యం కాబట్టి కావచ్చని ఎవరైనా అనొచ్చు. అందుకే మరుసటి ఏడాది ఇంకా పదునైన పరీక్ష పెట్టారు. బాలేలో కొన్ని అడుగులు ఆడవాళ్లే వేస్తారు, కొన్ని మగవాళ్లే వేస్తారు. కలిసి సాధన చేస్తారు కాబట్టి ఇద్దరూ రెండూ రోజూ చూస్తారు. అయినా తాము స్వయంగా వేసే అడుగులను చూసినప్పుడే ఆ భాగాలు ఎక్కువ స్పందించాయి. చూపు సమానమే. తేడా చేతలది.

అది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. మా ఇంట్లో మూడడుగుల దూరంలో జరిగిన విషయం అది. నాన్నా నేనూ ఒకే మగ్గాన్ని చూశాం. ఆయన చెయ్యి చూసింది వేరు, నా కన్ను చూసింది వేరు.

అందుకే చూస్తే చాలు, వచ్చేస్తుంది అనే మాటను నేను ఒప్పుకోను. ఇది ఈ రోజుల్లో చాలా బలంగా ఉన్న భ్రమ. ఫోన్‌లో ఎవరో కుండ చేస్తుంటారు, ఎవరో దోసె తిప్పుతుంటారు, ఎవరో నేల మీద పల్టీ కొడుతుంటారు. పది చూసేసరికి మనకూ వచ్చనిపిస్తుంది. అమెరికాలో కార్డాస్, ఓబ్రయన్ అనే ఇద్దరు 2018లో దీన్నే పరీక్షించారు. బల్ల మీద గిన్నెలు పడకుండా కింది గుడ్డను లాగేసే విద్య వీడియో కొందరికి ఒకసారి, కొందరికి ఇరవైసార్లు చూపించారు. ఇరవైసార్లు చూసినవాళ్లకు తాము చేయగలమన్న నమ్మకం బాగా పెరిగింది. ఇలాంటి ఇతర విద్యల్లో నిజంగా చేయించి చూస్తే, ఎక్కువసార్లు చూసినవాళ్లు ఏమీ మెరుగ్గా చేయలేదు.

నేనూ అదే వారం గుంటలో దిగాను. పదేళ్లు చూశాను కదా అన్న ధైర్యం. అన్నయ్య వద్దనలేక పక్కకు జరిగాడు. మూడోసారి తాడు లాగేసరికి నాడె పడుగు, అంటే నిలువు పోగుల, మధ్యలో ఆగిపోయింది. నేను చూసుకోకుండా అచ్చు గుంజేశాను. ముప్పైకి పైగా పోగులు తెగాయి. వాటిని ఒక్కొక్కటే వెతికి ముడులు వేయడానికి అన్నయ్యకు ఆ సాయంత్రం అంతా పట్టింది. ఆ చీర కూలి ఆలస్యమైంది. అన్నయ్య ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

చూడటం ఏం చేస్తుంది అన్నదానికి నాకు అర్థమైనది ఇది. చూపు కొత్త పనిని చేతిలో పెట్టలేదు. చేతిలో ఉన్న పనిని నిద్ర లేపుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకైతే, కొంత చేసి, చూసి, మళ్లీ చేస్తేనే చూపుకు పట్టు చిక్కుతుంది. నాట్యం నేర్పే గురువు ఎదురుగా నిలబడి చేసి చూపి, వెంటనే పిల్లలతో చేయిస్తారు. ముందు నెలంతా చూడండి, వచ్చే నెల చేద్దాం అనరు. వంటింట్లో అత్త కోడలికి, షెడ్డులో మెకానిక్ కుర్రాడికి నేర్పేదీ అలాగే.

నాన్న విషయానికి వస్తాను. తిరునాళ్లు అయ్యాక హైదరాబాద్ వెళ్దామంటే ఆయన రానన్నారు. మాట సరిగ్గా రాకపోయినా తల అడ్డంగా ఊపడం వచ్చు. గుంటూరు నుంచి వచ్చే మరో ఫిజియోథెరపీ అమ్మాయికి మగ్గం దగ్గర చూసినదంతా చెప్పాను. కొట్టిపారేస్తుందేమో అనుకున్నాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, "మేడమ్, దీనికి ఒక పద్ధతే ఉంది" అంది. రోగికి తనకు తెలిసిన పని చేస్తున్న చెయ్యిని కొన్ని నిమిషాలు చూపించి, వెంటనే ఆ కదలికను చేయడానికి ప్రయత్నించమంటారట. జర్మనీలో 2007లో ఎర్టెల్ట్ బృందం దీన్ని ప్రచురించింది. పక్షవాతం వచ్చి చాలా కాలమైనవాళ్లలో కొందరికి నాలుగు వారాల పాటు రోజువారీ పనుల వీడియోలు చూపించి చేయించారు. మరికొందరికి గీతలూ ఆకారాలూ చూపించి అవే వ్యాయామాలు చేయించారు. పనులు చూసినవాళ్ల చెయ్యి ఎక్కువ బాగుపడింది. ఇలాంటి పరీక్షలు 12 కలిపి, 478 మంది రోగుల వివరాలతో, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2018లో ఇచ్చిన సమీక్ష కూడా చేతి పనితీరులో మేలు కనిపించిందనే చెప్పింది. అయితే ఆధారాలు ఇంకా బలంగా లేవని కూడా చెప్పింది. ఇది మాత్రలకూ వ్యాయామానికీ బదులు కాదు. మా ఇంట్లో ఎవరూ ఏదీ మానలేదు, ఇది చదివి మీరూ మానకండి.

మేం చేసింది చాలా మామూలు పని. రోజూ పొద్దున మగ్గం మొదలయ్యే వేళకు నాన్న కుర్చీ అక్కడికి చేరేది. తాడు లాగే కుడిచెయ్యి బాగా కనిపించే వైపున వేసేవాళ్లం. పది నిమిషాలు చూశాక, పాత తాడు ముక్కకు చెక్క పిడి కట్టి ఆయన చేతిలో పెట్టేవాళ్లం. అన్నయ్య లాగినప్పుడు లాగాలి. మొదట్లో అమ్మ తన చెయ్యి ఆయన చేతి మీద వేసి లాగేది. బంతిని అసహ్యించుకున్న మనిషి ఆ పిడిని వదిలేవారు కాదు. అన్నం తిన్నాక కూడా అడిగేవారు.

నాలుగో నెలకు కుడిచేత్తో స్టీలు గ్లాసు పట్టుకున్నారు. తర్వాత చొక్కా గుండీ ఒకటి పెట్టుకున్నారు. మళ్లీ నేయలేదు, నేయలేరు. మగ్గం చూడటం వల్లే ఇదంతా వచ్చిందని నేను అనను. మొదటి ఏడాదిలో ఒళ్లు తనంతట తాను కొంత కోలుకుంటుంది, వ్యాయామమూ ఉంది, సొంత ఊళ్లో ఉన్న సంతోషమూ ఉంది. దేని వాటా ఎంతో ఒక్క మనిషిని చూసి చెప్పడం కుదరదు. కానీ ఐదో అంతస్తులో ఆయన ముందు నేను పెట్టిన టీవీలో, రోజంతా కూర్చుని మాట్లాడుకునే మనుషులు తప్ప, ఒక్క పని చేసే చెయ్యి కూడా లేదు. ఆ ఐదు నెలలు ఆయన చేతికి చూడటానికి ఏమీ ఇవ్వలేదు నేను. ఇది మాత్రం ఖాయం.

అందుకే అడుగుతున్నాను. పక్షవాతం వచ్చినవాళ్లను మనం ఎందుకు వెనక గదిలో పెడతాం? వంట చేసిన ఆవిడైతే కుర్చీ వంటింటి గుమ్మంలో వేయండి, కూరలు తరుగుతుంటే చూడనివ్వండి, తర్వాత చేతిలో ఒక చిక్కుడుకాయ పెట్టండి. వడ్రంగి అయితే వడ్రంగం, టైలర్ అయితే మిషన్. డబ్బు ఖర్చు లేదు. ఫిజియోథెరపీ చేసేవాళ్లు మొదటి రోజు రోగిని "మీరు ఏం పని చేసేవారు?" అని అడిగితే చాలు. హైదరాబాద్‌లో మా దగ్గరకు వచ్చిన అమ్మాయి మంచిదే, ఓపికగలదే. కానీ ఆ ప్రశ్న ఆమె అడగలేదు. మేమూ చెప్పలేదు.

ఇందులో నాకు తెగని చిక్కు ఒకటుంది. అది పిల్లల గురించి.

చిన్నప్పుడు కండె చుడుతూ నేను మగ్గం వైపు చూస్తుంటే నాన్న కోప్పడేవారు. "అటేం చూస్తావు, పుస్తకం చూడు" అనేవారు. చూపు చేతిలోకి దిగుతుందని ఆయనకు ఏ ఇటలీవాళ్లూ చెప్పనక్కర లేకపోయింది. నేత ఇళ్లలో అందరికీ తెలుసు. ఆయన వాళ్ల నాన్నను చూసే గుంటలో దిగారు. నడుం పోయి, వానకు గుంటలో నీళ్లు చేరి పని ఆగి, నూలిచ్చి నేయించే మాస్టర్ వీవర్ దగ్గర అప్పు తీరక పడ్డ బాధ నాకు రాకూడదని నా చూపునే మళ్లించారు. దాని వల్లే నేను చదువుకున్నాను, ఉద్యోగం చేస్తున్నాను, ఈ వ్యాసం రాస్తున్నాను. ఆయన చేసింది తప్పని ఏ నోటితో అనను? అయినా ముప్పైకి పైగా పోగులు తెంపిన రోజున, నా చేతులు ఖాళీగా ఉన్నాయని నాకు ఏడుపొచ్చింది. నగరాల్లో ఇప్పటి పిల్లలు వాళ్ల అమ్మానాన్నలు పని చేయడం చూస్తారు కానీ, వాళ్లకు కనిపించేది లాప్‌టాప్ ముందు కదలని ఒక వీపు. ఏ పని చూసినా అదే వీపు. వాళ్ల చేతులు దేన్ని చూసి మేల్కొంటాయి?

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాను. అన్నయ్య కొడుక్కి పదకొండేళ్లు, ఆరో క్లాసు. అన్నయ్య కూడా వాణ్ణి మగ్గం దగ్గరకు రానివ్వడు. ఆ రోజు ఫోన్ వస్తే మాట్లాడుతూ వీధిలోకి వెళ్లాడు. పిల్లాడు చప్పుడు చేయకుండా గుంటలోకి జారాడు. కాళ్లు అందలేదు, అంచు మీదికి జరిగాడు. తాడు పట్టుకుని ఒక్కసారి లాగాడు. నాడె సగం దూరం వెళ్లింది.

అన్నయ్య గుమ్మంలోంచే కేక వేశాడు, "ఒరేయ్! లే అక్కణ్ణుంచి! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

పక్క కుర్చీలో నాన్న కదిలారు. కుడిచెయ్యి ఒళ్లోంచి ఒక జానెడు లేచింది, పిడి లేకుండానే. మణికట్టు చిన్నగా తిరిగి కిందికి జారింది. "అట్టా కాదురా," అన్నారు. మాట ముద్దగానే వచ్చింది. మళ్లీ చెయ్యి ఎత్తారు.

పిల్లాడు వాళ్ల నాన్న వైపు తిరగలేదు. తాతయ్య చేతినే చూస్తున్నాడు.